చందుర్తి జొన్నచేను: యుద్ధ డయోరమాకు సిపాయి బొమ్మలను ఎంచుకోవడం, మార్చుకోవడం

యుద్ధ డయోరమా, అంటే చిన్న బొమ్మలతో పలక మీద నిలిపే యుద్ధ దృశ్యం, చేయాలనుకునేవారు సాధారణంగా ముందు బొమ్మల పెట్టె కొంటారు, ఆ తరువాత అందులో ఉన్న బొమ్మలకు సరిపోయే యుద్ధం కోసం వెతుకుతారు. గోదావరి జిల్లాల చరిత్రను పలక మీదికి తేవాలనుకునేవారికి ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే మన గడ్డ మీద జరిగిన యుద్ధాలకు అచ్చుగుద్దినట్టు సరిపోయే బొమ్మలు బజారులో దాదాపుగా లేవు. ఏ ఘడియను చూపాలో, చూసేవాడు ఎక్కడ నిలబడి చూడాలో ముందు తేల్చుకుని, ఆ చూపుకు ఏవి కనబడతాయో వాటికి మాత్రమే బొమ్మలను వెతుక్కోవాలి. నేను చందుర్తి యుద్ధాన్ని తీసుకుని, రెండుసార్లు పాడుచేసి, మూడోసారి ఒక దారికి తెచ్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తాను.

చందుర్తి పిఠాపురానికి దగ్గరలో, ఇప్పటి గొల్లప్రోలు మండలంలో ఉంది. ఆంగ్లేయుల రాతల్లో కాండోర్ అని కనిపించేది ఈ ఊరే. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం తరువాత విజయరామరాజు హతుడు కాగా, విజయనగరం గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారితో తెగదెంపులు చేసుకుని కలకత్తాలోని ఆంగ్లేయులకు కబురు పంపాడు. క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు 1758 అక్టోబరులో విశాఖపట్నంలో దిగి, డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించాడు. ఫోర్డు దగ్గర సుమారు 470 మంది యూరోపియన్లు, 1,900 మంది సిపాయిలు ఉన్నారు. ఎదుట సుమారు 500 మంది యూరోపియన్లు, 6,000 మంది సిపాయిలు, ముప్పైకి పైగా ఫిరంగులు ఉన్నాయి. అంత తేడా ఉన్నప్పటికీ యుద్ధం తలకిందులు కావడానికి ఒక కోటు రంగు, ఒక ఎత్తయిన చేను, నేల మీద పడుకోబెట్టిన కొన్ని జెండాలు కారణమయ్యాయి. డయోరమా చేసేవాడికి ఇంతకంటే మంచి వస్తువు దొరకదని నా అభిప్రాయం.

జరిగింది ఇది. ఫోర్డు తన యూరోపియన్ పటాలాన్ని మధ్యలో, సిపాయిలను రెండు పక్కల నిలిపాడు. మధ్యనున్న పటాలం ముందు ఎత్తుగా ఎదిగిన చేను ఉండటం వల్ల అది ఫ్రెంచివారికి కనబడలేదు. ఎడమ పక్కనున్న సిపాయిలు మాత్రం స్పష్టంగా కనబడ్డారు, పైగా ఎర్ర కోట్లు వేసుకుని కనబడ్డారు. దక్షిణాదిలో కంపెనీ సిపాయిలు తెల్లని దుస్తుల్లో ఉండటం ఫ్రెంచివారికి అలవాటు. 1757లో క్లైవు కలకత్తాలో లేపిన లాల్ పల్టన్‌తో మొదలుకుని బెంగాలు సిపాయిలకు యూరపు పద్ధతిలో ఎర్ర కోట్లు తొడిగిన సంగతి వారికి తట్టలేదు. సిపాయి పటాలానికి పెద్ద జెండా ఒకటే కాక చిన్న జెండాలు చాలా ఉంటాయి, దూరం నుంచి సిపాయిలను గుర్తుపట్టే ఆనవాలు అదే; ఫోర్డు ఆ జెండాలన్నీ చుట్టించి నేల మీద పెట్టించాడు. ఎర్ర కోట్లు కనబడి జెండాలు కనబడకపోయేసరికి ఫ్రెంచి యూరోపియన్లు వీళ్ళే ఆంగ్లేయుల యూరోపియన్ పటాలమని భ్రమపడి నేరుగా వీరి మీదికి నడిచారు. సిపాయిలు తట్టుకోలేక వెనక్కి తగ్గారు గాని, ఈలోగా చేను మాటు నుంచి వెలికివచ్చిన అసలు పటాలం ఫ్రెంచివారిని పక్క నుంచి కాల్చి చెదరగొట్టింది.

ఈ కథలో ఏ ఘడియను ఎంచుకోవాలన్నది మొదటి ప్రశ్న. తుపాకుల పొగ, పరుగులు, పడిపోయిన గుర్రాలు ఉన్న ఘడియను ఎంచుకోవాలని చేతులు దురద పెడతాయి. నేను అంతకు ముందున్న ఘడియను, అంటే జెండాలు నేల మీద ఉండి, ఒక్క తుపాకీ కూడా పేలకముందు ఉన్న నిశ్శబ్దాన్ని ఎంచుకున్నాను. చూసేవాడిని ఫ్రెంచివారు నిలిచిన చోట నిలబెట్టాలన్నదే నా ఉద్దేశం. పలక ముందు అంచే ఫ్రెంచివారి పంక్తి. కాబట్టి పలక మీద ఒక్క ఫ్రెంచి బొమ్మ కూడా ఉండదు, ఉండనక్కరలేదు. ముందు నుంచి చూసినవాడికి కుడి పక్కన ఎర్రకోటు పంక్తి, ఎడమ పక్కన పండిన చేను మాత్రమే కనబడాలి. వెనక్కి తిరిగివెళ్ళి చూస్తే తప్ప చేను వెనకనున్న అసలు పటాలం కనబడకూడదు. ఇక్కడ ఒక హెచ్చరిక: సిపాయిలు ఉన్నది ఆంగ్లేయుల ఎడమ పక్క, అంటే ఎదురుగా నిలబడి చూసేవాడికి కుడి పక్క. మొదటిసారి నేను దీన్ని తిరగేసి పెట్టి, ముప్పై బొమ్మలను ఫెవికాల్‌తో అతికించాక గాని గ్రహించలేదు.

కొలతలు

నేను 1:72 కొలతను వాడాను. 168 సెంటీమీటర్ల మనిషి ఈ కొలతలో 23 మిల్లీమీటర్లు ఉంటాడు. 28 మిల్లీమీటర్ల లోహపు బొమ్మలు ముఖాల చెక్కడంలో చాలా మెరుగు, కాని అవి ఒక్కొక్కటిగా ఖరీదైనవి, పైగా ఈ కథకు కావలసింది ముఖం కాదు, వరస. 54 మిల్లీమీటర్ల బొమ్మలు ఒకరిద్దరు మనుషులతో చేసే దృశ్యానికే బాగుంటాయి. 1:72 మెత్తని ప్లాస్టిక్ బొమ్మలు పెట్టెకు నలభై, యాభై వస్తాయి. కోసి, వంచి, పాడుచేసుకున్నా మనసు నొచ్చుకోదు.

పలక 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు తీసుకుంటే అది అసలు నేల మీద 43 మీటర్లు, 32 మీటర్లు అవుతుంది. ఆనాటి పదాతి భుజానికి భుజం తగిలేంత దగ్గరగా మూడు వరసల్లో నిలబడేది. మనిషికి 55, 60 సెంటీమీటర్ల చోటు అనుకుంటే మన కొలతలో అది 8 మిల్లీమీటర్లు. బొమ్మల కాళ్ళ కింద వచ్చే బిళ్ళ దాదాపు ఎప్పుడూ అంతకంటే వెడల్పుగానే ఉంటుంది, కాబట్టి ఆ బిళ్ళను పాదాల దాకా కోసేయాలి. నేను మనిషికి 10 మిల్లీమీటర్ల చొప్పున వదిలి, ఒక్కో వరసలో పదహారు మంది చొప్పున మూడు వరసలు, మొత్తం 48 మంది సిపాయిలను పెట్టాను. చేను వెనక యూరోపియన్లు 30 మంది. ఒక పటాలంలోని చిన్న ముక్కను మాత్రమే చూపుతున్నామన్న సంగతి చూసేవాడికి తెలియడానికి, సిపాయి వరస పలక కుడి అంచు దగ్గర అర్ధంతరంగా తెగిపోయేటట్టు చివరి బొమ్మను అంచుకు ఆనించాలి.

ఏ పెట్టెలో ఏమున్నది

సిపాయి అని పేరు పెట్టి అమ్మే బొమ్మల్లో అధిక భాగం 1857 నాటివి. నేను ఒక దుకాణానికి డబ్బు కట్టి రెండు నెలలు ఎదురుచూస్తే వచ్చిన పెట్టెలో పొడవు పంట్లాములు, గుండ్రని చిన్న టోపీలు, ఛాతీ మీద అడ్డంగా దాటే తోలు పటకాలు ఉన్న బొమ్మలు వచ్చాయి. 1758కీ 1857కీ మధ్య సరిగ్గా తొంభై తొమ్మిదేళ్ళ దూరం ఉంది. కొనేముందు పెట్టె మీది బొమ్మను కాక లోపలి ప్లాస్టిక్ బొమ్మల ఫోటోను అడగాలి, ఆ ఫోటోలో మూడు చోట్ల చూడాలి: కాళ్ళు, తల, తుపాకి.

కాళ్ళకు పంట్లాం ఉంటే మనకు పనికిరాదు. తొలినాటి సిపాయిలు పైన ఎర్ర కోటు తొడిగినా నడుం కింద దేశీ పద్ధతిలో తెల్లని పొట్టి లాగులే వేసుకునేవారు, కాళ్ళు వట్టివిగా ఉండేవి. తలకు టోపీ కాక తలపాగా ఉండాలి. తుపాకి విషయంలో కొంచెం లెక్క చూసుకోవాలి: ఆనాటి ఆంగ్లేయుల పొడవు చెకుముకి తుపాకి సుమారు 157 సెంటీమీటర్లు, బాయినెట్ మరో 43 సెంటీమీటర్లు. మన కొలతలో తుపాకి 22 మిల్లీమీటర్లు, బాయినెట్ 6 మిల్లీమీటర్లు. అంటే తుపాకి దాదాపు మనిషంత పొడుగు ఉండాలి. 1857 నాటి ఎన్‌ఫీల్డు 140 సెంటీమీటర్లే కాబట్టి కాస్త పొట్టిగా కనబడుతుంది; రెండో ప్రపంచయుద్ధపు బొమ్మల చేతుల్లోని రైఫిళ్ళయితే మరీ పొట్టివి. అంతర్వేది తీర్థంలో కవర్లలో పోసి అమ్మే ఆకుపచ్చ సైనికులు ఈ చివరి రకమే. వాటిని తీసిపారేయనక్కరలేదు, కత్తి పట్టడం నేర్చుకునేవారు మొదటి ఇరవై బొమ్మలను వాటి మీదే పాడుచేసుకోవడం మంచిది.

నాకు చివరికి అక్కరకు వచ్చినవి యూరపులో ఇదే కాలంలో జరిగిన ఏడేళ్ళ యుద్ధపు పదాతి బొమ్మలు. రెవెల్ సంస్థ 1:72లో ప్రష్యన్, ఆస్ట్రియన్ పదాతి పెట్టెలను తెచ్చింది. మూడు మూలల టోపీ, అంచులు వెనక్కి మడిచిన పొడవు కోటు, మోకాలి పైదాకా గుండీలు పెట్టిన గుడ్డ తొడుగులు ఆనాటి సైన్యాలన్నిటికీ ఇంచుమించు ఒకేలా ఉండేవి. ఎరుపు వేస్తే చేను వెనకనున్న యూరోపియన్లకు ఈ బొమ్మలు సరిపోతాయి. వీపు మీది తోలు సంచిని మాత్రం కోసి తీసేయాలి, ఎందుకంటే యుద్ధానికి నిలబడినవాడు బరువు దించుకుని నిలబడతాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధపు ఆంగ్ల పదాతి బొమ్మలు కూడా కొంతవరకు పనికివస్తాయి గాని, ఎత్తయిన ఎలుగుబంటి తోలు టోపీలు ఉన్న గ్రెనేడియర్లను తీసుకోవద్దు. ఆ టోపీలు చేను మీంచి తొంగిచూసి మన గుట్టు బయటపెడతాయి.

భంగిమల విషయంలో పెట్టె మోసం చేస్తుంది. యాభై బొమ్మల్లో పరుగెత్తేవాడు, పడిపోయేవాడు, గురిచూసేవాడు, కత్తి ఊపేవాడు కలిపి సగానికి పైగా ఉంటారు. మనకు కావలసిన, తుపాకిని భుజానికి ఆనించి కదలకుండా నిలబడ్డ మనిషి ఆరో ఏడో మాత్రమే ఉంటాడు. అందుకే ఒకే రకం పెట్టెలు కొన్ని కొని, మిగిలిన భంగిమలను తోటి అభిరుచి గలవారితో మార్చుకోవాలి. గురిచూసే బొమ్మలను వాడాలని మొండిగా ప్రయత్నించకూడదు. ఒక్కడు గురిపెట్టినా ఆ ఘడియ చెడిపోతుంది.

ఆనంద గజపతిరాజు బలగాన్ని నేను పలక వెనక మూలలో అయిదుగురితోనే సూచించాను. ఆయన మనుషుల్లో కొందరి దగ్గర మొరటు తుపాకులు, మిగిలినవారి దగ్గర ఈటెలు, విల్లులు ఉండేవి. అలెగ్జాండరు కాలపు భారతీయ పదాతి అని అమ్మే పెట్టెల్లోని విలుకాళ్ళు, ధోవతి కట్టి ఒంటి మీద గుడ్డ లేకుండా ఉంటారు కాబట్టి, తలపాగా ఒకటి చుట్టి పెడితే రెండు వేల ఏళ్ళు దాటి వచ్చి ఇక్కడ నిలబడగలరు.

ప్రష్యన్‌ను సిపాయిగా మార్చడం

ఇదే పనిలో ముఖ్యభాగం కనుక ఒక బొమ్మను చేతిలో పట్టుకుని చూపినట్టు చెబుతాను. ముందుగా బొమ్మలను అంట్లు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది ఆరబెట్టాలి, లేకుంటే అచ్చుల నుంచి వచ్చిన జిడ్డు మీద రంగు నిలవదు. బొమ్మను కాళ్ళ కింది బిళ్ళతో సహా ఒక సీసా మూతకు అతికించి పట్టుకుంటే వేళ్ళు తెగవు. ఆ బిళ్ళను చివర్లో గాని కోయకూడదు.

కొత్త సర్జికల్ బ్లేడుతో టోపీని కనుబొమల పై గీత దగ్గర అడ్డంగా కోయాలి. మెత్తని ప్లాస్టిక్ రంపపు కోతకు పీచులు లేస్తుంది, బ్లేడును ఒక్క ఒత్తుడుతో దింపితే నున్నగా తెగుతుంది. వెనక వేలాడే జడను కూడా చెక్కేయాలి. తరువాత కోటు. ప్రష్యన్ కోటు మోకాళ్ళ దాకా దిగుతుంది. దాన్ని తొడ మధ్య దాకా తగ్గించాలి. దిగువ భాగాన్ని ఒక్కసారిగా కోస్తే కాళ్ళు కూడా తెగుతాయి, కాబట్టి దోసకాయ తొక్క తీసినట్టు పలచని పొరలుగా తీస్తూ, లోపలి తొడ ఆకారం బయటపడేదాకా వెళ్ళాలి. మోకాళ్ళ కింది గుడ్డ తొడుగుల గుండీలను, మడతలను బ్లేడు వీపుతో గీరి నున్నగా చేస్తే వట్టి పిక్కలు వస్తాయి. బూటు ముందుభాగాన్ని రెండు కోతలతో పలచన చేసి చెప్పు లేని పాదంగా మార్చవచ్చు. వేళ్ళు చెక్కాలని కూర్చోవద్దు, 23 మిల్లీమీటర్ల మనిషి కాలి వేళ్ళు ఎవరికీ కనబడవు.

తలపాగాకు రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ పుట్టీ కావాలి. హార్డ్‌వేరు కొట్లో దొరికే ఎం-సీల్ త్వరగా బిగుసుకుంటుంది, కాస్త గరుకుగా కూడా ఉంటుంది. మిల్లీపుట్ వంటివి గంటల తరబడి మెత్తగా ఉండి వివరాలు చెక్కనిస్తాయి గాని తెప్పించుకోవాలి. నేను సిపాయిలన్నిటికీ ఎం-సీలే వాడాను, ఒక్కోసారి నాలుగు తలలకు సరిపడా మాత్రమే కలిపాను. మొదట బఠాణీలో ఎనిమిదో వంతు ముద్దను తల మీద అతికించి నెత్తిగా చేయాలి. ఇంకొంచెం పుట్టీని తడిపిన గచ్చు పలక మీద వేలితో దొర్లించి కుట్టుదారమంత సన్నని తీగగా సాగదీయాలి. ఆ తీగ ఒక కొనను ఎడమ చెవి పైన అంటించి, నుదుటి మీదుగా కొంచెం ఏటవాలుగా తిప్పి, వెనక నుంచి మళ్ళీ పైకి తెచ్చి, రెండో చుట్టు మొదటి చుట్టును నుదుటి దగ్గర దాటేటట్టు వేయాలి. తడి సూది మొనతో చుట్ల మధ్య గీతలు నొక్కితే గుడ్డ మడతలు వస్తాయి. తలపాగా ఎత్తుగా లేవకుండా తలకు అంటుకున్నట్టు బల్లపరుపుగా ఉండాలి. పెళ్ళికొడుకు పాగాలా గోపురం లేస్తే దూరం నుంచే దేశీయుడని తెలిసిపోతుంది, ముదురు రంగులో అణిగి ఉంటే అరక్షణం మూడు మూలల టోపీ అనిపిస్తుంది. ఫ్రెంచివారి కన్ను పొరపడిన ఆ అరక్షణాన్ని తలపాగా ఎత్తులోనే పట్టుకోవాలి. నేను మొదటి పన్నెండు తలపాగాలను ముచ్చటపడి ఎత్తుగా చుట్టి, తరువాత అన్నిటినీ గీరి మళ్ళీ చేశాను.

వంకరపోయిన తుపాకులు, బాయినెట్లు ఈ ప్లాస్టిక్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బు. మరిగించి దించిన నీటిలో బొమ్మను పట్టకారుతో అరనిమిషం ముంచి, తీసి, వేళ్ళతో తిన్నగా పట్టుకుని, వెంటనే చన్నీళ్ళలో ముంచితే ఆ ఆకారం నిలుస్తుంది. చేతిని భుజం దగ్గర కాస్త తిప్పడానికి కూడా ఇదే ఉపాయం. దీనితోనే ఆరు భంగిమల నుంచి పదిహేను తెచ్చుకోవచ్చు. చేతిని పూర్తిగా మార్చాలంటే ఫెవిక్విక్‌ను నమ్ముకోవద్దు, ఈ ప్లాస్టిక్‌ను అది పట్టుకోదు. రెండు ముక్కలకూ సూదితో రంధ్రం చేసి, కరెంటు వైరులోని సన్నని రాగి పోగును లోపల దింపి, ఆ తరువాతే జిగురు పెట్టాలి. లోహపు బొమ్మలను మాత్రం ఒకసారి వంచితే చాలించాలి, రెండోసారికి చేయి ఊడి చేతికొస్తుంది.

రంగు

రంగు ఊడకుండా ఉండటానికి ప్రైమరు (రంగు కింద వేసే అడుగు పూత) కంటే ముందు నీళ్ళు కలిపిన ఫెవికాల్‌ను పలచగా పూసి ఆరనిస్తే, అది ప్లాస్టిక్‌తో పాటు కొంచెం వంగే పొరలా పనిచేస్తుంది. స్ప్రే ప్రైమరు, మ్యాట్ వార్నిషు రెండింటినీ మన తీరంలో వానాకాలం కొట్టకూడదు. గాలిలో చెమ్మ ఎక్కువగా ఉన్న రోజు కొట్టిన వార్నిషు పాలు పోసినట్టు తెల్లబడుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా, మధ్యాహ్నం పొద్దెక్కాక, ఆరుబయట కొట్టుకోవాలి.

ఎరుపును గురించి కొంత ఆగి చెప్పాలి. సామాన్య సైనికుల కోట్లకు మంజిష్ఠ జాతి వేరు నుంచి తీసిన, ఇటుకకు దగ్గరైన మొద్దు ఎరుపు అద్దేవారు. అధికారుల కోట్లకు ఖరీదైన ప్రకాశమానమైన ఎరుపు ఉండేది. కాబట్టి 48 మందికీ డబ్బాలోని కుంకుమ ఎరుపు పూస్తే అధికారుల సభలా ఉంటుంది. నేను పెంకుటిళ్ళ పాత పెంకు రంగును మూలంగా పెట్టుకుని, దానికి ఒక్కో ఆరుగురికి కొంచెం కొంచెంగా తెలుపో, గోధుమో కలిపి ఎనిమిది ఛాయలు చేశాను. ఎండకు వెలిసిన గుడ్డ భుజాల మీద ముందు వెలుస్తుంది కనుక భుజాల దగ్గర ఒక పలచని పొర ఎక్కువ వేశాను. చేను వెనకనున్న యూరోపియన్లకూ ఇవే ఎనిమిది ఛాయలు వాడాలి; రెండు గుంపుల కోట్లూ ఒకే డబ్బాలోనివని కన్ను నమ్మకపోతే కథే లేదు. సిపాయి వరసలో ఒక్క ఆంగ్ల అధికారికి మాత్రం మంచి ఎరుపు దక్కుతుంది. లాగులకు తెలుపు నేరుగా వేయక, చలవ చేయని ఖద్దరు రంగు వేస్తే మంచిది. ఒంటి రంగుకు కనీసం నాలుగు ఛాయలు కలుపుకోవాలి, అందరికీ ఒకే గోధుమరంగు పూస్తే అచ్చులో పోసిన బొమ్మలని ఇట్టే తెలిసిపోతుంది.

చేను, నేల, జెండాలు

కోనసీమలో పుట్టినవాడిని కనుక నా మొదటి పలక మీద కాలువ గట్టు, గట్టు మీద కొబ్బరిచెట్లు, కాలువ పక్క వరిచేను వచ్చి కూర్చున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847, 1852 మధ్య. 1758 నాటికి ఆ కాలువలు లేవు. పైగా చందుర్తి డెల్టాకు ఎగువనున్న మెట్ట. ఆ పలకను పీకేస్తుంటే మా వీధి పెద్దాయన ఒకరు, "కొబ్బరిచెట్టు లేకుండా గోదావరి జిల్లా ఏమిటండీ, చూసేవాళ్ళు ఒప్పుకుంటారా?" అని బాధపడ్డారు. ఆయన కోసం వెనక అంచున రెండు తాడిచెట్లు పెట్టాను. పదిహేను మీటర్ల తాడి మన కొలతలో 20 సెంటీమీటర్లు దాటుతుంది, బొమ్మల పెట్టెలతో అమ్మే పొట్టి చెట్లను పెడితే అవి తాడిపిల్లల్లా ఉంటాయి.

ఆంగ్ల వృత్తాంతాలు చేనును ఇండియన్ కార్న్ అన్నాయి. మెట్టలో మనిషిని దాచేటంత ఎత్తు పెరిగే పైరుగా నేను దాన్ని జొన్నగా తీసుకున్నాను. 270 సెంటీమీటర్ల జొన్న మన కొలతలో 38 మిల్లీమీటర్లు. కొండచీపురు కొసలను ఆ పొడవుకు కత్తిరించి, కొసకు ఫెవికాల్ రాసి రవ్వలో ముంచితే కంకి అవుతుంది; పలచని కాగితాన్ని సన్నని పీలికలుగా కోసి అతికిస్తే ఆకులు. 38 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల మందం ఉన్న చేనుకు చదరపు సెంటీమీటరుకు నాలుగు చొప్పున తొమ్మిది వందల పైచిలుకు మొక్కలు కావాలి. ఆకులు అన్నిటికీ పెట్టనక్కరలేదు, ముందు రెండు వరసలకూ వెనక ఒక వరసకూ చాలు. చీపురు, కొబ్బరిపీచు వంటివి వానాకాలంలో బూజు పడతాయి, పురుగు పడతాయి. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పొడిని వేడినీళ్ళలో కరిగించి వాటిని ముంచి, ఎండలో గలగలలాడేటట్టు ఎండబెట్టుకోవాలి.

జెండాలను ఎగరేయడం ఈ దృశ్యంలో చేయగలిగిన అతి పెద్ద తప్పు. ఫెవికాల్ నీళ్ళలో నానబెట్టిన పలచని కాగితాన్ని గుండుసూదికి వదులుగా చుట్టి, పైన రెండుచోట్ల దారం కట్టినట్టు నొక్కి, సిపాయిల ముందు వరస పాదాల వెనక నాగటి చాళ్ళలో అడ్డంగా పెట్టాలి. పెద్ద జెండా ఒకటి, చిన్నవి నాలుగు పెట్టాను. ఒక సిపాయి తలను వేడినీటి ఉపాయంతో కొంచెం కిందికి వంచి తన కాళ్ళ దగ్గరున్న జెండా వైపు చూసేటట్టు చేశాను. మిగిలిన నలభై ఏడుగురూ ముందుకే చూస్తారు.

యూరోపియన్లను చేనుకు ఎంత దగ్గరగా నిలపాలన్నది లెక్కతో తేలే విషయం. చేను మనిషి కంటే 15 మిల్లీమీటర్లు ఎత్తు. చూసేవాడి చూపు 20 డిగ్రీల వాలుతో దిగితే చేను వెనక సుమారు 41 మిల్లీమీటర్ల మేర మనుషులు దాగుతారు, 30 డిగ్రీలైతే 26 మిల్లీమీటర్లే దాగుతారు. మూడు వరసలను 12 మిల్లీమీటర్ల ఎడంతో చేనుకు ఆనించి నిలిపితే మొదటి లెక్కలో సరిపోతారు, రెండో లెక్కలో వెనక వరస బయటపడుతుంది. అందుకని పలకను బల్ల మీద పెట్టకూడదు. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున్న అర మీద, గోడకు ఆనించకుండా, వెనక్కి వెళ్ళి చూడటానికి మూరెడు సందు వదిలి పెట్టాలి. బొమ్మలను శాశ్వతంగా అతికించేముందు, సంగతి తెలియని ఒకరిని పిలిచి ఎదురుగా నిలబెట్టి ఎంతమంది ఎర్రకోటు సైనికులున్నారో లెక్కపెట్టమనండి. నలభై తొమ్మిది దాటి ఒక్క అంకె చెప్పినా, ఏ టోపీ ఎక్కడ కనబడిందో వేలు పెట్టి చూపించమని, ఆ చోట నాలుగు జొన్న మొక్కలు ఎక్కువ నాటండి.